కాలువ గట్ల మీద సైకిల్: ధవళేశ్వరం నుంచి పి.గన్నవరం దాకా మట్టిదారి పట్టేవారికి

మా నాన్న గోదావరి కాలువ మీద లస్కరుగా పనిచేశారు. తెల్లారకముందే పార, టార్చిలైటు పట్టుకుని గట్టు మీద నడిచి, ఎక్కడ గండి పడేలా ఉందో, ఏ తూము పక్కన నీరు ఊరుతోందో చూసుకుని వచ్చేవారు. ఆదివారాలు నేనూ వెంట వెళ్ళేవాణ్ణి. "నీటివైపు అంచుకి బారెడు దూరం ఉండరా. పైకి గట్టిగానే కనబడుద్ది, కింద డొల్ల" అని ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు.

నేనిప్పుడు రావులపాలెంలో వెల్డింగ్ షాపు నడుపుతున్నాను. పదకొండేళ్ళుగా ఆదివారం పూట షాపు కట్టేసి అవే గట్ల మీద సైకిల్ తొక్కుతున్నాను. నాన్న చెప్పిన ఆ ఒక్క మాటే సైకిల్ తొక్కేవాడికి కూడా మొదటి పాఠమని నాకు దెబ్బ తగిలాకే తెలిసింది. ఆ సంగతి కిందకి వచ్చాక చెబుతాను. రాజమండ్రి నుంచి, హైదరాబాద్ నుంచి కుర్రాళ్ళు మంచి సైకిళ్ళు వేసుకుని వస్తున్నారు. వాళ్ళకి దారి ఫోన్‌లో దొరుకుతుంది. ఏ నెలలో ఏ మట్టి ఎలా ఉంటుందో మాత్రం ఫోన్ చెప్పదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఈ దారులు ఎక్కడివి

గ్రావెల్ సైక్లింగ్ అంటే తారు వదిలి మట్టి, కంకర దారుల్లో దూరం తొక్కడం. కొన్ని దేశాల్లో దీనికి పాత గనుల ప్రాంతాలు బాగా పేరు పడ్డాయి. జర్మనీలోని లుసేషియాలో బొగ్గు తవ్విన పెద్ద పెద్ద గుంతల్ని నీటితో నింపి సరస్సులు చేశారు, వాటి చుట్టూ సైకిల్ దారులు వేశారు. మనిషి తవ్వి వదిలేసిన చోటికి చెట్టూ పిట్టా తిరిగొస్తే ఆ నేల ఎంత బాగుంటుందో మనకీ తెలుసు. మన డెల్టాలో బొగ్గు గనులు లేవు కానీ తవ్వకం లేకుండా ఈ డెల్టాయే లేదు.

ధవళేశ్వరం దగ్గర కొండ రాయి పగలగొట్టి 1847 నుంచి 1852 దాకా కాటన్ దొర ఆనకట్ట కట్టించారు. ఆ రాయిని ఏటి ఒడ్డుకి చేర్చడానికి పట్టాలు వేశారు. బొంబాయి, ఠాణాల మధ్య 1853లో రైలు నడవకముందు సంగతి ఇది. అక్కడి నుంచి కాలువలు తవ్వారు, తవ్విన మట్టే గట్టయింది. అవి సాగుకే కాదు, పడవల రాకపోకలకి కూడా. గాలి లేనప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ మోకు భుజానికి వేసుకుని పడవని లాగేవారు. మనం సైకిల్ తొక్కేది ఆ అడుగుల బాట మీదే. నీటి మట్టం మారే చోట పడవ ఎక్కడానికీ దిగడానికీ లాకులు కట్టారు. రోడ్లు వచ్చాక సరుకు లారీలకెక్కింది, పడవలు పోయాయి. లాకుల రాళ్ళ సందుల్లో రావి మొక్కలు వేళ్ళు దింపాయి, గట్ల మీద నిద్రగన్నేరు చెట్లు పందిరి వేశాయి.

ఇంకో తవ్వకం ఇటుక బట్టీలది. కడియం, ఆలమూరు వైపు బట్టీల కోసం మట్టి తీసి వదిలేసిన గుంటలు కొన్ని ఇప్పుడు జమ్ముతో, కలువలతో నిండి ఉంటాయి. పొద్దున్నే వెళ్తే నీటికాకులు రెక్కలు చాపి ఆరబెట్టుకుంటూ కనిపిస్తాయి. చూడండి, కానీ గుంట ఒడ్డున సైకిల్ తొక్కకండి. వాటికి వాలు ఉండదు. గోడలా నిలువుగా తవ్వి ఉంటాయి, జమ్ము వల్ల లోతు తెలియదు.

టైరు, గాలి

కొత్త సైకిల్ కొనాలా అని అందరూ ముందు అడిగేది ఇదే. అక్కర్లేదు. ఇంట్లో మామూలు పాత సైకిల్ ఉంటే దాని టైరు ఒకటిన్నర అంగుళం, అంటే 38 మిల్లీమీటర్లు. గట్టు మీదకి అది చాలు. నాది సెకండ్ హ్యాండ్‌లో కొన్న హైబ్రిడ్, 40 మిల్లీమీటర్ల టైర్లు వేసుకున్నాను. సన్నటి రేసు టైర్లతో మాత్రం రావద్దు.

అసలు కిటుకంతా గాలిలో ఉంది. పంక్చర్ షాపులో రాయిలా గాలి కొట్టించుకుని గట్టెక్కితే ప్రతి గులకరాయీ మణికట్టుకి తెలుస్తుంది, టైరు మట్టిని పట్టుకోకుండా ఎగురుతుంది. నా బరువు 72 కిలోలు. గట్టి గ్రావెల్ మీద ముందు టైరుకి 36, వెనక టైరుకి 40 పీఎస్ఐ ఉంచుతాను. లంకల్లో, అంటే ఏటి మధ్య దిబ్బల్లో, ఇసుక దారి ఉంటే 28, 32కి దించుతాను. మీ బరువుని బట్టి కాస్త అటూ ఇటూ చూసుకోండి. మీటరున్న పంపు లేకపోతే బొటనవేలితో బలంగా నొక్కి చూడండి, కొద్దిగా లొంగాలి. మరీ దించేస్తే రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగి, పాము కాటులా పక్కపక్కన రెండు చిల్లులు పడతాయి. తారు రోడ్డు ఎక్కగానే మళ్ళీ గాలి కొట్టుకోండి.

మడ్‌గార్డుకీ టైరుకీ మధ్య రెండు వేళ్ళ సందు లేకపోతే మడ్‌గార్డు విప్పేయండి. ఎందుకో మట్టి గురించి చదివితే తెలుస్తుంది.

మట్టిని గుర్తుపట్టడం

మన దారుల్లో నాలుగు రకాల నేల తగులుతుంది. మెట్ట ప్రాంతం నుంచి లారీల్లో తెచ్చి పోసే ఎర్ర గ్రావెల్ అన్నిటికన్నా సుఖం. కొత్తగా పోసిన చోట మాత్రం గుండ్రాళ్ళు దొర్లుతాయి, మలుపులో ముందు బ్రేకు పట్టకండి. ఒండ్రుమట్టి ఆరినప్పుడు సిమెంటు గచ్చులా ఉంటుంది, మంచు పడిన ఉదయం పైపొర మాత్రం సబ్బులా జారుతుంది. ఇసుకలో హ్యాండిల్ బిగించి పట్టుకోకుండా, బరువు వెనక్కి వేసి, చిన్న గేరులో ఆగకుండా తొక్కాలి. ఆగిపోతే దిగి నడిపించుకోవడమే, అందులో తప్పేమీ లేదు.

నాలుగోది నల్లమట్టి. నాలుగు చినుకులు పడితే చాలు. మొదటి పది గజాలు బాగానే వెళ్తారు. తర్వాత టైరు లావెక్కుతున్నట్టు అనిపిస్తుంది, ఫోర్కు దగ్గర గరగరమంటుంది, ఇంకో పది గజాలకి చక్రం తిరగడం మానేస్తుంది. అప్పుడు బలం కొద్దీ తొక్కితే చైనో, గేరు పట్టుకునే చెవో విరుగుతుంది. దిగండి. పక్కనే పడి ఉన్న కొబ్బరి మట్ట ముక్క తీసుకుని, ఫోర్కు సందులో పైనుంచి కిందకి గీకండి, తర్వాత బ్రేకుల దగ్గర, ఆఖర్న చైను దగ్గర. వేలితో తీయకండి, అందులో గాజుపెంకు ఉండొచ్చు. గీకాక తొక్కొద్దు. గట్టు పక్క గడ్డి మీదుగా ఎత్తుకునో నడిపించుకునో గట్టి నేల దాకా వెళ్ళండి. నల్లమట్టి తడిసిన రోజు దాని మీద తొక్కితే మీ సైకిలే కాదు, గట్టూ పాడవుతుంది. మీ టైరు చేసిన గాడిలో నీరు నిలిచి కోత మొదలవుతుంది.

ఏ నెలలో ఎలా

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. కాకపోతే నవంబరు, డిసెంబరుల్లో సార్వా (వానాకాలపు వరి) కోతలు. గట్టు మీద, రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది, రాత్రికి బరకాలు కప్పి రాళ్ళు పెడతారు. ధాన్యం మీద నుంచి సైకిల్ పోనివ్వకండి. ఒక రైతు ఆరు నెలల కష్టం అది. దిగి, అంచున నడిపించుకుని వెళ్తే ఆ రైతే "ఎక్కడి నుంచండీ" అని పలకరించి మంచినీళ్ళిస్తారు. కోత మిషన్లు తిరిగిన చోట గాళ్ళు లోతుగా పడి ఆరిపోయి ఉంటాయి. ఆ గాడిలో ముందు చక్రం ఇరుక్కుంటే హ్యాండిల్ తిప్పినా రాదు. రెండు గాళ్ళ మధ్య మెరక మీద తొక్కండి.

మార్చి, ఏప్రిల్‌లో దాళ్వా (రెండో పంట వరి) కోతలు, విపరీతమైన ఉక్క. తొమ్మిది దాటాక, మధ్యాహ్నం సముద్రం గాలి తిరిగేదాకా గట్టు మీద తొక్కొద్దు. తర్వాత కాలువలు కట్టేస్తారు. నీళ్ళు లేని కాలువ చూడడానికి వింతగానే ఉంటుంది. గుర్రపుడెక్క ఎండిపోయి, రేవుల్లో అడుగు మెట్టు దాకా కనిపిస్తుంది.

జూన్ గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. కాలువలు కట్టేసిన రోజుల్లో పూడిక తీసి ఆ బురదని గట్టు మీదే పోస్తారు. ఎండకి పైన పెచ్చు కడుతుంది. చూస్తే గట్టి నేలే అనుకుంటాం. 2017 జూన్ చివర, కాలువలకి నీళ్ళు వదిలిన కొన్నాళ్ళకి, నేను అలాంటి గట్టు మీద వెళ్తున్నాను. ముందు రాత్రి వాన పడింది. దారికి అడ్డంగా పూడిక కుప్ప ఉంటే, దాన్ని తప్పించుకుందామని నీటివైపు అంచుకి తిప్పాను. కుప్పకీ అంచుకీ మధ్య మూరెడు సందు. ముందు చక్రం దాటింది. వెనక చక్రం కింద అంచు చప్పుడు లేకుండా దిగిపోయింది. నేనూ సైకిలూ ఛాతీ లోతు నీళ్ళలో పడ్డాం. ఒక చేత్తో తూటికాడలు పట్టుకుని, రెండో చేత్తో సైకిల్ వదలకుండా పట్టుకోబోయాను. ఎడమ మణికట్టు విరిగింది. గేదెలు కాసుకునే ఇద్దరు అన్నదమ్ములు పలుపుతాడు విసిరి పైకి లాగారు. ఆరు వారాలు కట్టు.

తర్వాత ఆ చోటికి వెళ్ళి చూస్తే అంచు కింద ఎలుక బొరియలు, ఎండ్రకాయల బొరియలు, వాటిలోంచి నీరు కోసుకుపోయిన డొల్ల. నాన్న చెప్పింది అక్షరాలా అదే. అందుకని మీరు గుర్తుంచుకోవాల్సినవి: నీటివైపు అంచుకి ఎప్పుడూ బారెడు దూరంలో ఉండండి. కుప్ప అడ్డం వస్తే పొలం వైపు నుంచి దిగి దాటండి. నీళ్ళలో పడితే సైకిల్ వదిలేయండి, దాన్ని తర్వాత తీయొచ్చు. లాకుల దగ్గర, తలుపుల కింద సుళ్ళుంటాయి, ఈత వచ్చినా అక్కడ దిగొద్దు.

జులై నుంచి సెప్టెంబరు దాకా ఏరు చూసుకోవాలి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరిక అన్నారంటే లంకల వైపు ఆలోచన మానుకోండి. చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే లాంటివి మునుగుతాయి. పొద్దున దాటిన దారి మధ్యాహ్నానికి ఉండదు. 1986 ఆగస్టు వరద చూసిన పెద్దవాళ్ళని ఎవరినైనా అడగండి, ఏటిగట్టు అంటే వాళ్ళకి ఎందుకంత గౌరవమో చెబుతారు.

ఒక రోజు దారి

నేను కొత్తవాళ్ళని తీసుకెళ్ళే దారి ఇది. తెల్లవారుజామున ఐదున్నరకి ధవళేశ్వరం. కాటన్ మ్యూజియం ఆ వేళకి తెరవరు, దాన్ని ఇంకో రోజుకి ఉంచుకోండి. 175 గేట్ల బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక వెళ్ళాలి. బ్యారేజీ మీద బస్సులూ లారీలూ తిరుగుతాయి, వెనక ఎర్ర లైటు తప్పనిసరి. బొబ్బర్లంక దగ్గర మధ్య డెల్టా కాలువ మొదలవుతుంది. చాలాచోట్ల ఒక గట్టు మీద తారు, అవతలి గట్టు మీద మట్టి. వంతెన దొరికినప్పుడల్లా మట్టి వైపుకి మారండి.

ఆత్రేయపురం దాటాక లొల్ల లాకులు. నా వేగానికి బొబ్బర్లంక నుంచి గంటంపావు. ఇక్కడ ప్రధాన కాలువ చీలి కోనసీమలోకి వేర్వేరు కాలువలుగా పోతుంది. నీళ్ళ చప్పుడు దూరం నుంచే వినిపిస్తుంది. టిఫిను ఇక్కడికి ముందే ఆత్రేయపురంలో కానివ్వండి. పూతరేకులు సైకిల్ మీద మోయకండి, ఇంటికి చేరేసరికి పొడి మిగులుతుంది. శనివారమైతే వాడపల్లి వెంకన్న దర్శనానికి జనం విపరీతంగా వస్తారు కాబట్టి ఆ రోజు ఈ దారి పెట్టుకోవద్దు.

లొల్ల నుంచి గన్నవరం కాలువ గట్టు పట్టుకోండి. కొబ్బరితోటల నీడ, అరటితోటలు, రేవుల్లో బట్టలుతికేవాళ్ళు. రేవు దగ్గర పిల్లలు పరుగెత్తుకుంటూ మెట్లెక్కి వస్తారు, నడక వేగానికి దించండి. మధ్యలో గట్టు మీద కంప అడ్డం వేసి ఉంటే అది ఊరికే వేసింది కాదు. ఒకసారి నేను కంప పక్కనుంచి దూరబోతుంటే తోటలోంచి ఒక పెద్దాయన కేకేశారు. "ఆయ్, అటెళ్ళకండి బాబూ, తూము కుంగిపోయిందండి." అప్పటి నుంచి ముందు అడుగుతాను, తర్వాత వెళ్తాను.

పి.గన్నవరం దగ్గర అక్విడక్టు ఉంది. కింద వైనతేయ నది, దాని పైన వంతెన మీదుగా కాలువ. పాతది 1850ల్లో కట్టింది. కొత్తదానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆకలన్నవాళ్ళకి వేళ కాని వేళలో వండి పెట్టిన తల్లి పేరు, పొలాలకి నీళ్ళు మోసే కట్టడానికి. నేను అక్కడ ఆగి దణ్ణం పెట్టుకునే తిరుగుతాను.

గట్టు మీద ఉండేవాళ్ళు

గేదెల మంద ఎదురైతే వెనక నుంచి బెల్లు కొట్టొద్దు. బెదిరితే అవి దూకేది కాలువలోకే. కాపరికి వినబడేలా "అన్నా, ఒక పక్కకి" అనండి. కోతలయ్యాక బాతుల మందలు వస్తాయి, అవి దాటేదాకా నిలబడాల్సిందే. కుక్క వెంటపడితే దిగి, సైకిల్‌ని అడ్డం పెట్టుకుని నడవండి. గడ్డి ఎత్తుగా ఉన్నచోట కాలు పెట్టే ముందు చూసుకోండి. నీరుకట్టు పాములు ఎక్కువ, వాటికి విషం లేదు. కానీ రక్తపింజర, కట్లపాము కూడా ఉండే నేల ఇది. చేపల, రొయ్యల చెరువుల గట్లు సొంత ఆస్తులు, కరెంటు వైర్లు నేల మీదే పోతుంటాయి, అటు పోవద్దు.

అందరికన్నా ముందు దారి ఇవ్వాల్సింది అరటి గెలల సైకిళ్ళకి. రావులపాలెం మార్కెట్‌కి పాత సైకిల్ మీద రెండు పక్కలా గెలలు కట్టుకుని గట్టు మీద వచ్చేవాళ్ళని చూడండి. సీటు ఎక్కరు. ఒక చెయ్యి హ్యాండిల్ మీద, ఒక చెయ్యి గెల మీద, చూపు మాత్రం పది గజాల ముందు. మెత్తటి చోట గడ్డి మీదకి తిప్పుతారు, గడ్డి వేళ్ళు మట్టిని పట్టి ఉంచుతాయని వాళ్ళకి తెలుసు. నేను దారి ఎంచుకోవడం వాళ్ళని చూసే నేర్చుకున్నాను.

ముల్లు దిగితే

సర్కారు తుమ్మ ముల్లు దిగని ఆదివారం నాకు అరుదు. రెండు ట్యూబులు, ప్యాచ్‌లు, సొల్యూషన్, గరుకు కాగితం, పంపు వెంట ఉండాలి. ట్యూబు మార్చే ముందు టైరు లోపల దూది ఉండ పెట్టి చుట్టూ నెమ్మదిగా తిప్పండి. ముల్లు మొన ఉన్నచోట దూది పోగు చిక్కుకుంటుంది. వేలు పెట్టి వెతికితే ముల్లు వేలికే దిగుతుంది. లోపలి నుంచి మొన కనిపించినా, బయట విరిగిన ముక్కని కూడా పట్టకారుతో లాగండి. చిల్లు దొరక్కపోతే రేవులో కింది మెట్టు మీద కూర్చుని ట్యూబుని నీళ్ళలో ముంచి బుడగ చూడండి. ఆ మెట్టు మీద పాచి ఉంటుంది, ముందు కాలితో తడిమి చూసి కూర్చోండి. ప్యాచ్ వేసే ముందు ట్యూబు పూర్తిగా ఆరాలి, సొల్యూషన్ రాశాక ఐదు నిమిషాలు ఆగాలి. తొందరపడి అతికించిన ప్యాచ్ రెండు కిలోమీటర్లలో ఊడుతుంది.

నీళ్ళు చలికాలంలో గంటకి అర లీటరు, ఏప్రిల్‌లో దాదాపు లీటరు. ఉప్పు వేసిన మజ్జిగ ఒక సీసా పెట్టుకోండి, ఈ ఉక్కలో ఒట్టి నీళ్ళు సరిపోవు. కాలువ నీళ్ళు తాగొద్దు. కొబ్బరిబొండం కావాలంటే తోటవాళ్ళని అడిగి, డబ్బిచ్చి తీసుకోండి.

తిరుగు ప్రయాణానికి ఒక మాట. పొద్దున సముద్రం వైపు, దక్షిణానికి వెళ్ళండి. ఎండాకాలం మొదట్లో మధ్యాహ్నం దాటాక సముద్రం గాలి తిరుగుతుంది. ఉత్తరానికి ఇంటి వైపు వస్తుంటే అది వీపు మీద చెయ్యి పెట్టి తోసినట్టు ఉంటుంది. ఏటిగట్టు ఎక్కితే ఆ గాలి ఇంకా బాగా తగులుతుంది. నేను గన్నవరంలో రెండింటి దాకా నిద్రగన్నేరు నీడన పడుకుని, గాలి మళ్ళిందని ఆకులు చెప్పాకే బయల్దేరతాను.